సామ్యూలన్న పాటలో మూడో చరణం

సైదాబాద్,
జూన్ 9

క్రీస్తునందు ప్రియమైనదియు, సదాశివపేటయందు కాలికి పిండికట్టుతో విశ్రమించుచున్నదియు అగు మా రాజమణి అత్తమ్మ పాదములకు (ఒకటి కట్టులో ఉన్నది గనుక మిగిలిన ఒక్క పాదమునకు) మేనల్లుడు జోయెల్ నమస్కరించి రాయునది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరానికీ, ఇకముందు రాయబోయే ఉత్తరాలన్నిటికీ కలిపి ఒకేసారి అడిగేస్తున్నాను. విడివిడిగా అడిగితే స్టాంపులు దండగ. నువ్వు చెత్త ఆటో మీంచి జారిపడ్డ రోజు అంత వాన కురిపించినందుకు నన్ను క్షమించు. మన సందులో గుంత తవ్వి ఏళ్ల తరబడి పూడ్చకుండా ఉంచినందుకు క్షమించు. తెలుగు పాటలో ఆడపిల్ల నడుము తప్ప వేరే అవయవం మిగలనందుకు క్షమించు. చిన్నత్త వండే కూరలో ఉప్పు తక్కువైతే దానికీ నేనే బాధ్యుడిని. బి.కాం. చదివినవాడు దేనికైనా బాధ్యత వహించగలడు, ఉద్యోగం తప్ప.

ఇక విషయానికి వస్తాను. నీ ఐదో కవరు అందింది. నువ్వు చెప్పినట్టే తెరవలేదు. పోస్టాఫీసు ముద్రలో తేదీ సరిగా పడిందో లేదో చూసి, మిగతా నాలుగింటి పక్కన ఇనుప పెట్టెలో పెట్టి, పైన నా డిగ్రీ సర్టిఫికెట్ పరిచి తాళం వేశాను. ఆ సర్టిఫికెట్‌కు ఇన్నాళ్లకు కాపలా ఉద్యోగం దొరికింది. ఉత్తరంతో పాటు మడిచి పంపిన రెండో ప్రతి మాత్రం పాడటానికి తీసుకున్నాను.

పోస్ట్‌మ్యాన్ నన్ను రోజూ అడుగుతున్నాడు. "ఏంది జోయెలూ, వారానికో రిజిస్టర్ పోస్టు. పోరి రాస్తుందా?"

"ఔ భాయ్. యాభై మూడేళ్ల పోరి. కాలు విరిగింది."

నీ నియమం నాకు నవ్వులాట కాదు, అత్తమ్మా. మూడేళ్ల కింద నీ చీపురు పాటను ఎవరో ఎత్తుకుపోయి, చీపురు తీసి ఆ చోట పిల్ల నడుము పెట్టి, ప్రతి పెళ్లి బరాత్‌లోనూ ఆడించారు. ఆ పాట నీదేనని చూపడానికి నీ దగ్గర ఒక్క కాగితం లేకపోయింది. అప్పటినుంచి నువ్వు ఫోన్‌లో పాట పాడవు, మాట కూడా చెప్పవు. పోస్టాఫీసు ముద్ర ఒక్కటే అబద్ధం చెప్పదంటావు. సరే.

అఫ్జల్‌గంజ్‌లో క్యాసెట్ల కాలం నుంచి పాటలు అమ్ముతున్న కృష్ణయ్య సేటు ఐదు పాటలూ విన్నాడు. నల్లా నీళ్ల పాటకు తల ఊపాడు. పొద్దున్నే ముఖం చూపిస్తేగాని హాజరు వెయ్యని మిషను పాటకు పడీ పడీ నవ్వాడు. ఎనిమిది పాటలూ పూర్తయితే ఆల్బమ్ తన కంపెనీ పేరు మీద తెస్తానన్నాడు. ఊడ్చే మనిషి రాసిన పాటలు అని అట్ట మీద వేస్తాడట. నేను మనిషి పేరు కూడా వెయ్యమన్నాను.

ఆరో కవరు కోసం ఎదురుచూస్తూ,
పెట్టెకు తాళం, పాటలకు కాపలా అయిన
నీ మేనల్లుడు

*

సదాశివపేట,
జూన్ 18

అల్లుడు జోయెలుకు అత్తమ్మ రాసేది.

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా ఎగిరినవు, రెండో పేజీల దిగినవు. గిట్ల రాస్తే నాకు నవ్వొచ్చి కాలు కదులుతది. డాక్టరు కదిలియ్యొద్దన్నడు. మీ చిన్నత్త పక్కనే కూకొని కాపల కాస్తున్నది, నేను నవ్వితే గుడ్లురుముతది.

ఆరో పాట పంపిస్తున్న. ఇది సామ్యూలు పాట. పద్దెనిమిదేండ్లు వాడు డప్పు కొడితే నేను పాడిన. నేను రోడ్డు ఊడిస్తే వాడు మోరీల మురికి తీసిండు. నాకంటె చిన్నోడు, నన్ను అక్కా అనేటోడు. పాటల మాత్రం అన్నా అని రాసిన. సచ్చిపోయినోడు అందరికి అన్ననే.

మూత తెరిచినోళ్లెవరో సామ్యూలన్నా
నిన్ను ముందుకు నెట్టినోళ్లెవరో
నడుముకు తాడు ఇయ్యలేదు సామ్యూలన్నా
మెడకు దండలు తెచ్చిన్రు

కాయితంల నీ పేరు లేదంట సామ్యూలన్నా
కాల్వల నీ చెప్పు ఉన్నది
మావోడే కాదన్న దొరలు సామ్యూలన్నా
మా కండ్ల నీళ్లల్ల ఉన్నరు

గీ రెండు చరణాలే వచ్చినయి. మూడోది వస్తలేదు. ఎందుకు వస్తలేదో నీకు రాస్త, ఇంకెవ్వరికి చెప్పకు.

చీపురు పాట నాకు, వాడికి తప్ప ఎవ్వరికి ఎరుక లేకుండె. వాడే అమ్ముకున్నడని నేను అన్న. రెండేండ్లు వాడితోని మాట్లాడలే. పోయిన వానకాలం ఆ కాంట్రాక్టరు వాడిని మోరీలకు దింపి సంపినప్పుడు గూడ మేం మాట్లాడుకుంటలేం. ఇప్పుడు మూడో చరణంల నేను వాడికి ఏం చెప్పాలె? వాడు అమ్ముకున్నట్టయితే మాఫ్ చేసిన అని రాయాలె. అమ్ముకోకపోతే నన్ను మాఫ్ చెయ్యి అని రాయాలె. రెండు ఒక్క చరణంల పట్టయి.

నువ్వు వాడి ఇంట్ల ఎప్పుడూ ఉంటుంటివి. నీకు ఏమన్న ఎరికైతే రాయి. నిజం రాయి, ఎగరకు.

మీ అత్తమ్మ
రాజమణి

*

సైదాబాద్,
జూన్ 25

పాటలమ్మ రాజమణి అత్తమ్మ సన్నిధికి, ఓడిపోయి గెలిచిన రాయబారి జోయెల్ సమర్పించుకొను నివేదిక.

ఆరో పాట కృష్ణయ్య సేటుకు పాడి వినిపించాను. నా గొంతులో విన్నా ఆయన ముఖం మారింది. నా గొంతుకు మారిందేమో అనుకున్నాను. కాదు. టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే బేరం వస్తుందని అర్థం.

"బేటా, పాట మస్తుగున్నది. పేరే అడ్డం పడుతున్నది" అన్నాడు.

"ఏ పేరు సేట్?"

"సామ్యూలన్న. అది తీసి 'ఓరన్నా' అను. ట్యూన్‌కు ఏం ఫరక్ పడదు."

ఎందుకని అడిగితే అసలు సంగతి చెప్పాడు. సామ్యూలన్న చావు మీద ఆయన కూతురు స్వీటీ వేసిన కేసు నడుస్తోంది కదా. సామ్యూల్ అనే మనిషి మా దగ్గర పనే చేయలేదు, మా రిజిస్టర్‌లో అతని పేరే లేదని ఆ కాంట్రాక్టరు చెబుతున్నాడు. ఆ కాంట్రాక్టరు సేటుకు దోస్తు. ఊరంతా సామ్యూలన్నా సామ్యూలన్నా అని పాడుకుంటే దోస్తుకు ఇబ్బంది. ఓరన్నా అని పాడుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఓరన్న ఏ మోరీలోనూ దిగలేదు.

నేను చాలా వినయంగా, కాలేజీలో ప్రిన్సిపాల్ ముందు నిలబడినట్టు నిలబడి అన్నాను. "సేట్, మరి మీ దుకాణం బోర్డు మీద కృష్ణయ్య అని తీసి 'ఒక సేటు' అని రాద్దామా? గిరాకీకి ఏం ఫరక్ పడదు."

టీ సగంలోనే మా సమావేశం ముగిసింది. పదిహేను రోజుల గడువిచ్చాడు. పేరు తీస్తే ఎనిమిది పాటలు, పెద్ద స్టూడియో, కీర్తిప్రియ అనే కొత్త గాయని గొంతు. తీయకపోతే ఏమీ లేదు.

బయట స్వీటీ ఎదురుచూస్తోంది. ఆమె పనిచేసే తాళ్ల దుకాణం అదే వీధిలో ఉంది కదా. జరిగింది చెప్పాను. ఆమె కాసేపు దుకాణంలో వేలాడుతున్న మోకులు చూసింది. "మా దుకాణంల ఎన్ని రకాల తాళ్లున్నయో నాకే తెల్వదు జోయెలన్నా. మా నాయినకు ఒక్కటి దొరకలే" అంది. తర్వాత గిరాకీ వస్తే లోపలికి వెళ్లిపోయింది.

నీ ఆజ్ఞ కోసం చూస్తున్నాను. మూడో చరణం సంగతి నువ్వే నిదానంగా ఆలోచించు, తొందరేముంది. పాటలు కోడిపిల్లల లాంటివి, పొదుగుతూ ఉంటే అవే వస్తాయి. నాకు కోళ్ల గురించి కూడా ఏమీ తెలియదు.

సగం టీ తాగిన రాయబారి

*

సదాశివపేట,
జూలై 3

జోయెలూ,

పేరు తీస్తే ఆ పాటనే తియ్యమను. ఆ పాట తీస్తే ఎనిమిదీ తీసుకొని ఇంటికి రా.

రిజిస్టర్ల లేదు, పాటల గూడ లేకపోతే వాడు పుట్టిండా లేదా? పద్దెనిమిదేండ్లు ఈ ఊరి పీతి ఎత్తినోడు ఓరన్న ఎట్లయితడు? నేను ఇరవై ఆరేండ్ల సంది ఊడుస్తున్న. నన్ను గూడ ఏయ్ అమ్మా అంటరు, పేరు పెట్టి ఎవ్వరు పిలువరు. పాటలు రాసుడు మొదలుపెట్టిందే అందుకు. ప్రతి పాట కింద రాజమణి అని రాసుకున్న, అదొక్కటే నా రిజిస్టర్.

సేటుకు చెప్పు. ఆయన స్టూడియో ఆయన దగ్గరనే ఉండనియ్యి. మన గొంతు మన దగ్గర ఉన్నది. ఎక్కడ పాడితే అదే స్టూడియో. లొల్లి చెయ్యకు, నిమ్మళంగ చెప్పి రా. తిట్టాలనిపిస్తే బయటికొచ్చినంక తిట్టు. ఏడోది, ఎనిమిదోది గూడ దీనితోనే పంపుతున్న.

మల్ల, కోడిపిల్లల ముచ్చట నేనడుగలే. సామ్యూలు ముచ్చట అడిగిన. దానికి జవాబు రాయలే నువ్వు.

అత్తమ్మ

*

సైదాబాద్,
జూలై 16

అఖిల హైదరాబాద్ చీపుర్ల సంఘానికి రాజ్యం లేని మహారాణి అయిన అత్తమ్మకు, ఘనమైన శుభవార్తలతో జోయెల్.

నువ్వు చెప్పిన మాట చెప్పినట్టు కృష్ణయ్య సేటుకు చెప్పాను. నిమ్మళంగానే చెప్పాను. తిట్టడం బయటికొచ్చాకే తిట్టాను. అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో నిలుచున్న ఒక పెద్దమనిషి తననే అనుకున్నాడు. ఆయనకు మాత్రం నిజంగా క్షమాపణ చెప్పాను.

ఇక మన కొత్త స్టూడియో వర్ణన. అది నా దోస్తు పింటూ వాళ్ల బర్రెల కొట్టం. నవ్వకు, కాలు కదులుతుంది. పింటూ పగలు పాలు పోస్తాడు, పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు పెడతాడు, మైకులన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. కొట్టంలో మూడు వైపులా గడ్డి మోపులు కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఆ గడ్డి శబ్దాన్నంతా మింగేస్తుంది. లోపల పాడితే ప్రతిధ్వని రాదు. పెద్ద స్టూడియోలో ఖరీదైన దూది అంటించి చేసే పని ఇక్కడ బర్రెల మేతే చేస్తోంది. ఒక్కటే చిక్కు, గోడలను గాయకులు తినరు గానీ బర్రెలు తింటున్నాయి. రోజుకింత స్టూడియో తగ్గుతోంది, త్వరగా పూర్తి చేయాలి.

పాడేది స్వీటీ. చర్చిలో పాడిన గొంతే గానీ ఇక్కడ వేరేగా ఉంది. హాజరు మిషను పాటలో "ముఖం కడుక్కొస్తే గుర్తు పట్టదు, మట్టి పూసుకొస్తే గుర్తు పడతది" అన్నచోట పింటూ వాళ్ల నాన్న పాల బిందె కింద పెట్టి మరీ విన్నాడు. నల్లా పాట మధ్యలో పక్క మసీదు అజాన్ వినబడింది. ఆపి మళ్లీ పాడదామన్నాను. "ఉండనీ. ఆ టైంకే గదా నల్లా వచ్చేది" అంది స్వీటీ. ఉంచేశాం.

డప్పు ఎవరు కొట్టాలన్నది సమస్య అయింది. బార్కస్ నుంచి సాలెహ్ భాయ్ వచ్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా డోళ్లు వాయించే ఆయన నీకు గుర్తుండాలి, ఒకసారి చంపాపేట దారిలో రెండు బరాత్‌లు ఎదురెదురై, ఆయన మర్ఫా, సామ్యూలన్న డప్పు గంటసేపు పోటీ పడ్డాయి. ఏడు పాటలకు వాయించాడు. ఆరో పాట దగ్గర చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది భాయ్?"

"యే గానా ఉస్కా హై, వాడి పాట. నేను కొట్ట. వాడి ఇంట్ల గోడకున్న డప్పు తెచ్చి ముంగల పెట్టుండ్రి, ఖాళీగ. పోరిని ఉత్తగనే పాడనియ్యుండ్రి."

స్వీటీ ఇంటికెళ్లి మేకుకు వేలాడుతున్న వాళ్ల నాన్న డప్పు తెచ్చింది. ముందు పెట్టుకుని, వాయిద్యం లేకుండా పాడింది. రెండు చరణాలే ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆగింది. అందరం మూడో చరణం కోసం చూస్తున్నాం.

నువ్వు అడిగిన ప్రశ్న గురించి వివరంగా రాద్దామని కూర్చున్నాను గానీ, పింటూ పిలుస్తున్నాడు. బర్రె మైకు వైరు నములుతోందట. అన్నట్టు ఈ మధ్య నీ పేరెత్తితే చాలు పింటూ పాల బిందె వెనక దాక్కుంటున్నాడు. కవులంటే భయం అనుకుంటాను.

గడ్డి స్టూడియో మేనేజర్,
నీ మేనల్లుడు

*

సదాశివపేట,
జూలై 29

జోయెలుకు,

కొట్టం ముచ్చట చదివి నవ్విన. సాలెహ్ భాయ్ ముచ్చట చదివి ఏడ్సిన. ఆఖర్ల బర్రె వైరు నమిలింది అని చదివినంక కోపమొచ్చింది. నేను అడిగినప్పుడల్ల నీకు ఏదో ఒక జంతువు అడ్డమొస్తున్నది. మొన్న కోడి, ఇయ్యాల బర్రె.

మంచం మీద పన్నప్పుడు మనిషికి పాతయి అన్ని మల్లొస్తయి. చీపురు పాట ఊరంత మోగుతున్న రోజు నేను హాజరు కాడ అందరి ముంగట సామ్యూలును అడిగిన. పాటెంతకు అమ్మినవురా అన్న. వాడు చేతుల పార పట్టుకొని నిలవడ్డడు. "నేను ఇయ్యలే అక్కా" అన్నడు. ఒక్కసారే అన్నడు. ఇంకోసారి అని ఉంటే నమ్ముదునేమో. మనిషి తప్పు చెయ్యకపోతే పదిసార్లు చెప్పుకుంటడు గదా, కొట్లాడ్తడు గదా. వాడు ఏం అనకుండ పక్కకు చూసి పోయిండు. ఆనాటి సంది డప్పు మేకుకు పెట్టిండు.

నువ్వు గూడ ఆడనే ఉంటివి. నాకు టిఫిన్ డబ్బ తెచ్చినవు ఆ రోజు.

వాడు ఎటు చూసిండో నాకు ఇప్పటికి సమజ్ కాలే. చెప్పేది ఏమన్న ఉంటే చెప్పు బిడ్డా. లేకపోతే లేదని రాయి. లేదని రాసినా నాకు పాట అయితది.

అత్తమ్మ

*

సైదాబాద్,
ఆగస్టు 12

అత్తమ్మకు,

నిన్నటికి సామ్యూలన్న పోయి ఏడాది. ఆ మోరీ దగ్గరే నిలబడి పాడాలని స్వీటీ పట్టుబట్టింది. మూత మీద కొవ్వొత్తులు పెట్టాం. నీ తోటి ఊడ్చేవాళ్లు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు, చీపుర్లతోనే. సాలెహ్ భాయ్ వచ్చాడు. పింటూ పాలబండి మీద ఒక్క బాక్సు తెచ్చాడు.

స్వీటీ మొదటి చరణం అందుకోగానే కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు బైక్ మీద వచ్చారు. ఒకడు నన్ను పక్కకు పిలిచాడు. చదువుకున్నవాడిలా కనబడ్డానట.

"భాయ్, పాడుకోండ్రి. మేం వద్దంటలేం. పేరు ఎందుకు?"

నేను మహా గంభీరంగా అడిగాను. "మీ రిజిస్టర్‌లో ఆ పేరు లేదు కదా అన్నా?"

"లేదు."

"లేని మనిషి పేరు పాడితే మీకేం ఫికర్?"

వాడు వెళ్లి బాక్సు వైరు పీకేశాడు. స్వీటీ ఆపలేదు. మైకు పక్కన పెట్టి పాడుతూనే ఉంది. 'సామ్యూలన్నా' అన్నచోట నీ తోటివాళ్లంతా అందుకున్నారు. చీపురు కర్రలు రోడ్డు మీద కొట్టారు, అదే తాళం. మేడల మీద నుంచి ఆడవాళ్లు తొంగి చూశారు. రెండోసారికి వాళ్లూ అందుకున్నారు. బైక్ వాళ్లు వెళ్లేటప్పుడు గల్లీ పిల్లలు వెనకాలే పరిగెడుతూ సామ్యూలన్నా, సామ్యూలన్నా అని సాగనంపారు. ఆ ఇద్దరూ ఈ ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా ఇక ఆ పేరు వినాల్సిందే.

నీ హాజరు మిషను మనిషిని గుర్తు పట్టకపోవచ్చు గానీ సైదాబాద్ పట్టింది.

నువ్వు అడిగినది నాకు గుర్తుంది. చెప్పేది ఏమైనా ఉంటే చెప్పమన్నావు. ఈసారి జంతువులేవీ అడ్డం రాలేదు. అయినా రాయలేకపోతున్నాను. నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం.

జోయెల్ బి.కాం.

*

సదాశివపేట,
ఆగస్టు 21

జోయెలుకు,

నీ ఉత్తరం మీ చిన్నత్తతోని మూడుసార్లు చదివించుకొని విన్న. వైరు పీకినా పాట ఆగలే అన్నకాడ ఈ గల్లోళ్లు గూడ వచ్చి విన్నరు. నాకు ఇంక కాలు నొప్పి లేదు. కట్టు విప్పుతరు, వచ్చే నెల మూడు తారీఖుకు బస్సెక్కుత.

ఆలస్యం చేసుడు మంచిగ లేదు. మోరీ కాడ నా వాళ్లందరు నిలవడ్డరు, వాడిని పేరు పెట్టి పిలిచిన్రు. నేనొక్కదాన్నే వాడి మీద కోపం పెట్టుకొని కూకుంటే ఎట్ల? నువ్వు చెప్తలేవంటే నీకు తెలిసే ఉన్నది, వాడు అమ్ముకున్నడనే తెలిసి ఉన్నది. వాడు నీకు చెప్పి ఉంటడు. సచ్చినోడి మీద చాడీ ఎందుకని ఊకున్నవు. నీ మనసు మంచిది. పోనీ. ఎవరికి పైసల అవసరం పడదు? నేను మాఫ్ చేసిన. మూడో చరణం రాసిన.

పాటనమ్ముకున్నవేమో సామ్యూలన్నా
పాపమంత నేను మరిచిన
డప్పు మేకు దించి రావా సామ్యూలన్నా
పాత దారి కలిసి నడిచెద

ఎప్పటిలెక్క ఒకటి కవరుల, ఒకటి ఉత్తరంల పెట్టిన. స్వీటీతోని పాడియ్యి. నేను వచ్చేసరికి ఎనిమిది పాటలు తయారుండాలె. దిగిన దినమే అందరి ఫోన్లల్లకు ఇడుస్త. ఇగ దాచుడు లేదు.

అత్తమ్మ

*

సైదాబాద్,
ఆగస్టు 29

అత్తమ్మా,

కవరు పెట్టెలో పెట్టాను. చరణం చదివాను. స్వీటీకి ఇవ్వలేదు. ఇవ్వను. తన తండ్రి పాట అమ్ముకున్నాడని ఆ పిల్ల నోటితో పాడించలేను.

సామ్యూలన్న పాట అమ్మలేదు. ఎవరికీ ఇవ్వలేదు. చీపురు పాట బయటికి పోయింది నా ఫోన్‌లోంచి.

అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక మీరిద్దరూ సామ్యూలన్న ఇంటి ముందు కూర్చుని ఆ పాట కట్టారు. నేను గుమ్మంలో కూర్చుని రికార్డు చేశాను. వారం తర్వాత పింటూ వాళ్ల అన్న పెళ్లి. బరాత్‌లో ఇది పెడితే ఎట్లుంటదిరా అని పింటూకు పంపాను. మా అత్తమ్మ పాటకు మనుషులు ఆడితే చూడాలనిపించింది, అంతే. ఆడారు. నేనూ ఆడాను. పింటూ ఫోన్ నుంచి ఇంకెవరికో, అక్కడి నుంచి ఇంకెవరికో పోయింది. రెండు నెలలకు నడుము పాటై తిరిగి వచ్చింది. పింటూ బిందె వెనక దాక్కునేది అందుకు. వాడికి బిందె ఉంది, నాకు కోళ్లూ బర్రెలూ ఉన్నాయి.

ఆ రోజు హాజరు దగ్గర సామ్యూలన్న ఎటు చూశాడని అడిగావు. నా వైపు చూశాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని నీ వెనకే నిలబడ్డాను. ఆదివారం నా చేతిలో ఫోన్ ఆయన చూశాడు. ఆయనకు తెలుసు. నేను చెబుతానేమోనని చూశాడు. చెప్పలేదు. ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. డప్పు అప్పటికే మేకుకు ఉంది. ఏడ్చాను. ఆయన నవ్వాడు. "మీ అత్త నా మీద అలిగితే పాట ఆగుతది. నీ మీద అలిగితే మీ ఇల్లు ఆగుతది. నాకేం గాదు. నువ్వే చెప్పు ఆమెకు, ఎప్పుడన్న. తొందరేం లేదు" అన్నాడు. నేను ఆ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాను. మూడేళ్లు పట్టుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో కూడా అదే మాట వాడాను, చూడు, తొందరేముంది అని.

సేటు దగ్గర, బైక్ వాళ్ల దగ్గర పేరు పేరు అని నేను చేసిన లొల్లి అబద్ధం కాదు. మళ్లీ చేయమన్నా చేస్తాను. కానీ ఆ మనిషి పేరును మొదట పాడు చేసింది కాంట్రాక్టరు కాదు.

ఇవాళ పొద్దున తాళ్ల దుకాణానికి వెళ్లి స్వీటీకి చెప్పాను. కోస్తున్న తాడు కోయడం పూర్తి చేసింది.

"మా నాయినకు ఎరికేనా?"

"ఎరికే."

"అత్తమ్మకు రాసినవా?"

"రేపు రాస్తా."

"ఇయ్యాల రాయి. పాటల పెట్టుమను. నేనే పాడ్త." ఆ తర్వాత నన్ను అన్నా అనలేదు. దుకాణంలోంచి వెళ్లమంది.

ఈ ఉత్తరం కూడా రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ముద్ర మీద తేదీ ఉంటుంది. రేపు నేను మాట మార్చితే ఇది నీ దగ్గర ఉంటుంది. దాచుకో.

జూన్‌లో వానకు, గుంతకు, కూరలో ఉప్పుకు క్షమాపణ అడిగాను. అవేవీ నేను చేయలేదు. ఇది నేనే చేసిన అత్తమ్మా. దీనికి క్షమాపణ అడగడానికి ఒక్క వేషం మాట కూడా దొరకలేదు.

మూడో చరణం మళ్లీ రాయి. ఆయనను ఏం అడగాలో ఇప్పుడు నీకు తెలుసు. అందులో నన్ను ఒక పోరడు అని రాయకు, ఓరల్లుడా అని సరిపెట్టకు. పేరు రాయి. ట్యూన్‌లో పట్టకపోతే ట్యూన్ మార్చు.

జోయెల్